అడుగు గింజలు

ఆదివారం వచ్చిందంటే లిఫ్టు మెకానిక్ ఇంట్లో పొయ్యి మీదికి పెద్ద తపేలా ఎక్కాల్సిందే. వారమంతా ఎత్తైన భవనాల్లో, గోడకీ గోడకీ మధ్య చీకటి గుంతలో నడుముకి బెల్టు బిగించుకుని వేలాడే మనిషి, సెలవు రోజున అదే నడుముకి తువ్వాలు చుట్టుకుని గింజలు ఉడకబెట్టేవాడు. భార్య సిటీ బస్సు డ్రైవరు. ఆదివారాలు ఆవిడకి డ్యూటీ తప్పదు. మామూలు రోజుల్లో గంటల తరబడి పొయ్యి దగ్గర నిలబడే తీరిక ఇద్దరికీ లేదు. అందుకని ఎండు చిక్కుడు గింజలు ఒక్కసారే బోలెడు ఉడికించి, చల్లార్చి, డబ్బాల్లో పోసి ఫ్రీజర్లో పెట్టేస్తే, ఆ తర్వాత ఎవరు ముందు ఇల్లు చేరితే వాళ్ళు ఓ డబ్బా తీసి కూరలో కలుపుకునేవాళ్ళు.

ఈ పని అతనికి నేర్పింది అత్తగారు. ఆవిడ మణికట్లు పట్టు తప్పాక తపేలా అల్లుడి చేతికొచ్చింది. ఇప్పుడావిడ కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని చేటలో రాళ్ళు ఏరుతూ, నోటితో వంట చేసేది.

"నానబెట్టిన నీళ్ళు పారబోశారా అల్లుడుగారూ? పారబోసి కొత్త నీళ్ళు పొయ్యండి. ముందు పెద్ద మంట. నురగ తీశాక సన్నం చెయ్యండి. ఉప్పు ఇప్పుడే వెయ్యకండి, తోలు బిగుసుకుంటుంది."

"తెలుసత్తయ్యా."

"తెలిసినా చెప్తాను. మూతి వదులుగా కట్టండి, గింజ ఉబ్బుతుంది."

మూతి అంటే మూట మూతి. ఆ ఇంట్లో ఎవరి గింజలు వాళ్ళ మూటలోనే ఉడకాలి. పాత దుప్పటి చింపి కుట్టిన తెల్లని సంచులవి. ఎర్రదారం భార్యది, నీలిదారం అత్తగారిది, పచ్చదారం కూతురిది. మూడు మూటలూ ఒకే తపేలాలో, ఒకే నీళ్ళలో, ఒకే మంట మీద ఉడికేవి. అయినా ఒక్కలా ఉడికేవి కావు. తినబోయే మనిషిని బట్టి ఉడికేవి. కూతురికి జ్వరం రాబోతోందంటే పచ్చమూటలో గింజలన్నీ తోలు విడిచి మెత్తటి ముద్దయిపోయేవి. భార్యకి డిపోలో ఎవరితోనైనా గొడవైతే ఎర్రమూట దగ్గర నురగ ఎంత తీసినా పొంగుతూనే ఉండేది. మామగారు బతికున్నప్పుడు ఒక ఆదివారం ఆయన మూట పొద్దుటి నుంచి పొద్దుగూకే దాకా ఉడికినా గులకరాళ్ళలా ఉండిపోయింది. ఆ డబ్బా మూత తీయకుండానే ఆయన వెళ్ళిపోయారు. అది ఇప్పటికీ ఫ్రీజర్లో వెనక మూల మంచు పట్టి ఉంది. దాన్ని తీసి పారేద్దామని ఎవరూ అనలేదు.

కింది వాటాలో ఉండే దర్జీ ఆదివారం మెట్ల దగ్గర కనిపిస్తే వర్షం గురించి అడిగినట్టే అడిగేవాడు. "ఏం మెకానిక్కూ, అందరివీ ఉడికాయా?"

"ఉడికాయన్నా."

"హమ్మయ్య" అని దర్జీ మళ్ళీ మిషను తొక్కుకునేవాడు.

మెకానిక్‌కి మాత్రం ప్రతి ఆదివారమూ పరీక్ష ఫలితాల రోజే. అసలే పిరికి మనిషి. గుంతలో పాతాళం కనిపిస్తున్నా ఈలవేసుకుంటూ తాడు మీద జారేవాడు, ఇంటికొస్తే గ్యాస్ కట్టారా లేదా అని లేచి లేచి చూసుకునేవాడు. కూతురు దగ్గితే అతను లేచి కూర్చునేవాడు. భార్య రావడం కాస్త ఆలస్యమైతే వీధి చివర దాకా వెళ్ళి వచ్చిపోయే ప్రతి బస్సులోకీ తొంగిచూసేవాడు. "మీ ధైర్యమంతా బెల్టుతో పాటు పనిలోనే తగిలించి వస్తారా ఏంటి?" అని భార్య నవ్వేది.

అతనికి మూట లేదు. మూడు సంచులూ నింపగా మిగిలిన గుప్పెడు గింజల్ని ఊరికే తపేలాలో పారబోసేవాడు. అవి మూటల కిందకి జారి అడుగున ఉడికేవి. డబ్బాలన్నీ నింపాక వాటిని గరిటెతో తోడుకుని, చిటికెడు ఉప్పు చల్లుకుని, ఊదుకుంటూ, నిలబడే తినేవాడు. "వంటవాడి కూలీ" అనేవాడు. తనకింకో సంచి కుట్టడం, ఇంకో దారం వెతకడం అంతా దండగ పని అని అతని అభిప్రాయం. నిజం చెప్పాలంటే ఆ అడుగు గింజల రుచి డబ్బాల్లో ఉండదని కూడా అతనికి నమ్మకం.

ఆ ఆదివారం కూడా మామూలుగానే మొదలైంది. పొద్దుటి నుంచి అతనికి ఎడమ దవడ లాగుతోంది. పన్ను పాడైందనుకుని బుగ్గన లవంగం పెట్టుకున్నాడు. తపేలా దించేటప్పుడు చెమట పట్టింది. వేడి మరి. ఎర్రమూట విప్పి ఒక గింజ తీసి వేళ్ళ మధ్య నొక్కాడు, వెన్నలా నలిగింది. నీలిమూట విప్పాడు, నలిగింది. పచ్చమూట ఎప్పుడూ ఆఖరునే విప్పుతాడు. ఊపిరి బిగబట్టి నొక్కాడు. అదీ నలిగింది.

"అందరివీ ఉడికాయత్తయ్యా!"

"మంచిది. డబ్బా మెడ దగ్గర కాస్త ఖాళీ వదలండి. గడ్డకడితే మూత లేచిపోతుంది."

డబ్బాలు నింపాడు, కాస్త ఉడికిన నీళ్ళు కూడా పోశాడు, చల్లారబెట్టాడు. తర్వాత గరిటె పెట్టి అడుగు గింజలు తోడుకున్నాడు. ఉప్పు చల్లాడు. లవంగం ఉమ్మేసి, నొప్పిలేని వైపు ఒక గింజ వేసుకుని కొరికాడు.

కటుక్కుమంది.

ఇంకోటి తీసి నొక్కాడు. గోరు దిగలేదు. ఇంకోటి. ఇంకోటి. అన్నీ రాళ్ళే. మెకానిక్‌కి పై ప్రాణాలు పైనే పోయాయి. తపేలా అంచు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

అడుగు గింజలు ఎవరివీ కావు. ఇన్నేళ్ళలో అవి ఉడకకపోవడమన్నది లేదు. ఎవరివీ కాని గింజలు ఎందుకు రాళ్ళవుతాయి? ఎవరివో అయి ఉండాలి. ఏ మూటలోంచో జారి ఉండాలి. సంచులు ఒక్కొక్కటే దీపానికి అడ్డంపెట్టి చూశాడు. ఎర్రది బాగుంది. నీలిది బాగుంది. పచ్చదారం సంచి కింద కుట్టు దగ్గర చిన్న చిరుగు ఉంది.

గుండెల్లో రాయి పడింది.

కూతురికి పన్నెండేళ్ళు. పక్కగదిలో నేల మీద బోర్లా పడుకుని కాళ్ళూపుకుంటూ ఏదో పాట కూనిరాగం తీస్తోంది. ఆ పాట వింటుంటే అతనికి ఏడుపొచ్చింది. నోట్లో తువ్వాలు కుక్కుకున్నాడు.

ఎవరికీ చెప్పలేదు. చెబితే నిజమైపోతుందని భయం. ఆ గుప్పెడు గింజల్నీ చిన్న గిన్నెలో వేసి మళ్ళీ పొయ్యి మీద పెట్టాడు. తినేసోడా వేశాడు. నీళ్ళు ఇగిరితే మళ్ళీ పోశాడు.

"ఇంకా ఏం ఉడుకుతోందండీ?" అని అత్తగారు కుర్చీలోంచే అడిగింది.

"తపేలా అడుగంటిందత్తయ్యా. నీళ్ళు కాచి నానబెడుతున్నా."

సాయంత్రం భార్య బస్సు దిగి మెట్లెక్కే చప్పుడు వినేదాకా ఉడికించాడు. గింజలు గింజల్లాగే ఉన్నాయి. వాటిని ఒక డబ్బాలో పోసి, ఫ్రీజర్లో వెనక మూలకి, మామగారి డబ్బా పక్కకి తోసేశాడు. ఆ రెండు డబ్బాలూ పక్కపక్కన ఉండటం చూసి చప్పున తలుపు మూసేశాడు.

మర్నాటి నుంచి ఇల్లు ఇల్లులా లేదు. కూతుర్ని స్కూలుకి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాడు. "నాన్నా, వదులు, అందరూ చూస్తున్నారు" అని ఆ పిల్ల గింజుకున్నా వదల్లేదు. ఇంట్లో ఇస్త్రీపెట్టె వైరు కోసేశాడు. మేడ మీద తలుపుకి తాళం వేశాడు. అన్నం ముద్ద పెద్దదైందని, మెల్లగా నమలమని, నీళ్ళు గటగటా తాగొద్దని వెంటపడ్డాడు. నిద్రపోతున్న పిల్ల ముక్కు దగ్గర వేలుపెట్టి చూశాడు. పిల్ల కళ్ళు తెరిచి, "నాన్నా, నీకేమైంది?" అంది. అతను దుప్పటి సర్దుతున్నట్టు నటించాడు.

పనిలోనూ మనసు లేదు. లిఫ్టు చెడిపోయిన చోటే అతనికి పని కాబట్టి మెట్లెక్కక తప్పదు. పై అంతస్తు చేరేసరికి ఆయాసం. ఎడమ చెయ్యి సీసం పోసినట్టు బరువు. దవడ పీకుతూనే ఉంది. ఇదంతా దిగులు చేసే పనే అనుకుని, ఇంకో లవంగం బుగ్గన వేసుకుని పానా తీసుకున్నాడు.

బుధవారం స్కూలు వాళ్ళు పిల్లల్ని జలాశయానికి తీసుకెళ్ళి పడవ ఎక్కిస్తామన్నారు. కూతురు నెల నుంచీ ఆ మాటే కలవరిస్తోంది. నీళ్ళు, పడవ అనుకోగానే అతనికి అంతా అర్థమైపోయినట్టనిపించింది. ఆ పొద్దున్న పిల్ల లేచేసరికి దాని బూట్లు కనిపించలేదు.

"నాన్నే దాచాడు!" అని పిల్ల ఒకటే ఏడుపు.

డ్యూటీకి తయారవుతున్న భార్య జడ సగంలో వదిలేసి వచ్చింది. "ఏమండీ, మీకు మతిగానీ పోయిందా? పిరికితనానికీ ఓ హద్దుండాలి. దాని బూట్లు ఇవ్వండి."

"ఇవ్వను."

"ఎందుకివ్వరు?"

"అది పోదు. ఇవాళే కాదు, ఎక్కడికీ పోదు. నా ఎదురుగానే ఉంటుంది."

"ఎన్నాళ్ళు?"

అతను వెళ్ళి ఫ్రీజరు తెరిచాడు. వెనక మూల నుంచి డబ్బా తీసుకొచ్చి బల్ల మీద బోర్లించాడు. మంచుగడ్డ ఠంగుమని పడింది. లోపల గింజలు, ఒక్కటీ ఉబ్బలేదు.

"పచ్చమూట చిరిగింది" అన్నాడు. "అందులోంచి జారాయి. ఆదివారం నుంచి దాస్తున్నాను."

భార్య బల్ల పట్టుకుని కుర్చీలో కూలబడింది. పిల్ల ఏడుపు ఠక్కున ఆగిపోయింది. తాతయ్య డబ్బా సంగతి దానికీ తెలుసు. మెల్లగా వచ్చి తల్లి ఒళ్ళో, పన్నెండేళ్ళ పిల్ల, చంటిపిల్లలా ముడుచుకుని కూర్చుంది.

అత్తగారు మాత్రం కుర్చీలోంచి లేచింది. గోడ పట్టుకుంటూ వచ్చి దండెం మీద ఆరేసిన పచ్చమూట అందుకుంది. చిరుగులో చిటికెన వేలు పెట్టబోయింది. దూరలేదు.

"ఇందులోంచి నానిన గింజ ఎలా జారుతుంది బాబూ?" అంది. తర్వాత ఫ్రీజరు తెరిచి, ఈ వారం ఇంకా ముట్టని మనవరాలి డబ్బాలు రెండూ బయటికి తీయించింది. రెండూ మెడ దాకా నిండి ఉన్నాయి. "చూడండి. గుప్పెడు గింజలు బయటికి పోతే ఈ రెండోది వెలితిగా ఉండాలి కదా. నా డబ్బాలూ అంతే ఉన్నాయి, అమ్మాయివీ అంతే ఉన్నాయి. ఇవి ఏ మూటలోంచీ జారలేదు."

ఆ డబ్బాలు నింపింది అతనే. భయంలో ఆ మాత్రం తోచలేదు.

"మరి ఇవెక్కడివత్తయ్యా?"

"అడుగువి. మీరు పారబోసేవి." ఆవిడ ఒక గింజని మంచులోంచి గోటితో పెకలించి అరచేతిలో పెట్టుకుంది. "అడుగు గింజలు ఎవరు తింటారు?"

భార్య తల తిప్పి మొగుడి వంక చూసింది.

"ఈ ఇంట్లో మీ దారం ఏ రంగు అల్లుడుగారూ?"

మెకానిక్ గింజల వంక చూశాడు, కూతురి వంక చూశాడు. పిల్లవి కావు. పిల్లవి కానే కావు. ఆదివారం నుంచి గుండెల మీద కూర్చున్న బరువు ఒక్కసారిగా దిగిపోయినట్టయింది.

"హమ్మయ్య! నావా!" అన్నాడు. కళ్ళ వెంట నీళ్ళు కారుతుండగా నవ్వాడు. "నావేనటే తల్లీ! నీవి కావు! బూట్లు బియ్యం డబ్బాలో ఉన్నాయి, తెచ్చుకో!"

పిల్ల బూట్ల కోసం కదల్లేదు. "నాన్నా!" అని ఒక్క కేక పెట్టింది. ఆ కేకలో ఆదివారం నుంచి అతను పడ్డ భయమంతా ఉంది. ఇప్పుడది చేతులు మారింది.

భార్య లేచి అతని మొహాన్ని రెండు చేతుల్తో పట్టుకుని వెలుతురు వైపు తిప్పింది. "ఈ లవంగం ఎన్నాళ్ళ నుంచి పెడుతున్నారు?"

"పన్ను..."

"చెమటేంటి ఇంత?"

"వేడి..."

"పొయ్యి వెలిగించలేదండీ ఇంకా."

"మీ మామగారప్పుడు మేం చుట్టూ కూర్చుని ఏడ్చాం" అంది అత్తగారు. "ఎక్కడికీ తీసుకెళ్ళలేదు. రాసిపెట్టింది అనుకున్నాం. ఈసారి నేను కూర్చోను. అమ్మాయీ, నువ్వు ఆయన్ని తీసుకెళ్ళు. నేనూ పిల్లా ఇక్కడ పొయ్యి వెలిగించి వీటిని ఉడికిస్తూ ఉంటాం."

మొగుణ్ణి మెట్ల మీదుగా భుజం ఆనించి దింపింది భార్య. దర్జీ మిషను ఆపి చూశాడు. ఆదివారం అడిగే ప్రశ్న అడగలేదు. లేచి గబగబా ముందుకెళ్ళి వీధి చివర బస్సుకి అడ్డంగా చేతులు చాచి నిలబడ్డాడు.

డ్రైవరు ఆవిడ డిపో మనిషే. "ఏమైంది చెల్లీ?"

"పెద్దాసుపత్రికి పోనీ అన్నా. మధ్యలో ఎక్కడా ఆపకు. ఈయన గింజలు ఉడకలేదు."

డ్రైవరు అద్దంలోంచి మెకానిక్‌ని ఒక్కసారి చూసి తలుపు మూశాడు. మొదటి స్టాపు దాటిపోయింది. రెండోదీ దాటింది. కూరగాయల సంచితో ఒకాయన లేచి, "అయ్యా, నేను దిగాల్సింది..." అన్నాడు. పక్కనున్నావిడ అతని చెవిలో ఏదో చెప్పింది. అతను మెల్లగా కూర్చున్నాడు. "పోనీండి, పోనీండి. నేను వెనక్కి నడుస్తాలే" అన్నాడు. ఎవరిదో ఫోను మోగితే నొక్కేశారు. భార్య అతని చెయ్యి వదల్లేదు. రోజంతా స్టీరింగు తిప్పే ఆ చెయ్యి ఇవాళ చల్లగా ఉంది.

ఆసుపత్రిలో డాక్టరు అతని ఛాతీ మీద వైర్లు అంటించి, బయటికొచ్చిన కాగితం చూసి కనుబొమలు ముడిచాడు.

"పన్ను నొప్పండీ" అని మెకానిక్ ఇంకా వాదించబోయాడు.

"పన్ను కాదు బాబూ. గుండెకెళ్ళే రక్తనాళం మూసుకుపోతోంది. నొప్పి అక్కడ పుట్టి దవడలో తెలుస్తోంది. సాయంత్రం దాకా ఆగి ఉంటే..." డాక్టరు ఆ మాట పూర్తిచేయకుండా నర్సుని కేకేశాడు.

స్ట్రెచర్ మీద పడుకోబెట్టి లిఫ్టులోకి తోశారు. తలుపులు మూసుకుంటుంటే సందులోంచి భార్య మొహం సన్నగా కనిపించి మాయమైంది. ఎన్ని వందల లిఫ్టులు బాగుచేశాడో, ఎప్పుడూ వాటిలో వెల్లకిలా పడుకుని వెళ్ళలేదు. పైన ఎక్కడో తాడు కప్పీకి ఒరుసుకుంటున్న చప్పుడు వినిపించింది. "ఈ తాడుకి గ్రీజు పెట్టించండి" అన్నాడు. పక్కనున్న నర్సు పట్టించుకోలేదు.

అప్పుడు మొదలైంది అసలు భయం. ఇన్నేళ్ళూ ప్రతి దానికీ భయపడ్డాడు గానీ తన కోసం ఒక్కసారీ భయపడలేదు. అది ఎలా ఉంటుందో అతనికి తెలియనే తెలియదు. పిల్ల ఇంకా సైకిలు నేర్చుకోలేదు. భార్య ఆలస్యంగా వస్తే వీధి చివర ఎవరు నిలబడతారు? ఆదివారం తపేలా ఎవరు దించుతారు? ఆ ఇంట్లో తనకో చోటుందని, అది ఖాళీ అయితే వెలితిగా కనిపిస్తుందని అతనికి ఆ లిఫ్టులో తట్టింది. చచ్చిపోవడం ఇష్టం లేదు. ఎంతమాత్రం ఇష్టం లేదు. "అమ్మా" అన్నాడు. లిఫ్టు ఆగింది. తలుపులు తెరుచుకున్నాయి. తెల్లటి దీపాలు ఒకదాని వెనక ఒకటి తల మీదుగా వెళ్ళిపోయాయి.

కళ్ళు తెరిచేసరికి కిటికీలో ఎండ ఉంది. పొద్దుటి ఎండో సాయంత్రం ఎండో తెలియలేదు. దవడ నొప్పి లేదు. మంచం పక్క కుర్చీలో భార్య కూర్చునే నిద్రపోతోంది, ఆ జడ ఇంకా సగమే అల్లి ఉంది. మంచానికి ఆనుకుని కూతురు నిలబడి ఉంది. కుడిచెయ్యి పిడికిలి బిగించి ఉంది.

"నువ్వు పడవెక్కలేదా?"

పిల్ల తల అడ్డంగా ఊపింది. "అమ్మమ్మా నేనూ వాటిని ఉడకబెట్టాం. మంట కట్టనేలేదు. అమ్మమ్మ కుర్చీ పొయ్యి దగ్గరికే లాక్కుంది. నువ్వు ఆపరేషనుకి లోపలికెళ్ళావని అమ్మ ఫోన్ చేసినప్పుడు కూడా రాళ్ళే. ఎన్నిసార్లు నొక్కానో. చూడు, వేలు కమిలిపోయింది."

మెకానిక్ ఆ పిడికిలి వంక చూశాడు. డాక్టరు ఏమన్నాడో అడగాలనిపించలేదు. ఆ పిల్ల చేతిలో ఏముందో అదే అసలు మాట. తల పక్కకి తిప్పుకున్నాడు.

"తెరవకే తల్లీ. భయమేస్తోంది."

"నాకూ వేసింది" అంది పిల్ల. అతని చెయ్యి తీసుకుని, అరచేతిలో ఒక గింజ పెట్టి, తన బొటనవేలితో నొక్కింది.

మెత్తగా, చప్పుడు లేకుండా నలిగిపోయింది. గోరువెచ్చటి గుజ్జు అతని చేతి గీతల్లోకి పాకింది.

అతను చెయ్యి నోటి దగ్గరికి తెచ్చుకుని నాకాడు.

"ఉప్పేదే?"

"డాక్టరు వద్దన్నాడట. ఇక నుంచి నీకు చప్పిడే." పిల్ల జేబులోంచి దారపు ఉండలు రెండు తీసి దుప్పటి మీద పెట్టింది. ఒకటి పసుపుపచ్చ, ఒకటి ఊదా. "అమ్మమ్మ నీకు సంచి కుడుతోంది. దర్జీ మామ గుడ్డ ఇచ్చాడు. ఏ రంగు కావాలో అడిగి రమ్మంది."

మెకానిక్ రెండు ఉండలూ వేళ్ళతో తడిమి చూశాడు. ఏది తీసుకోవాలో తెలియలేదు. తన కోసం ఎప్పుడూ ఏదీ ఎంచుకోలేదు మరి.

"ఏదైనా పర్లేదమ్మా" అన్నాడు. "మూతి మాత్రం వదులుగా కట్టమను. గింజ ఉబ్బుతుంది."